అటక మీద దొరికిన కార్డుల డబ్బా: గుత్తగా అమ్మాలా, ఒక్కోటీ అమ్మాలా, గ్రేడింగ్‌కి పంపాలా, ఉంచేసుకోవాలా

సంక్రాంతికి ముందు ఇంటికి సున్నాలేస్తుంటే ఆమదాలవలసలో మా పిన్ని వాళ్ళ అటక మీంచి ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా దిగింది. తమ్ముడు దాని ఫొటో వాట్సాప్‌లో పెట్టి "అన్నయ్యా, ఇలాంటివి లక్షలు పలుకుతాయంట కదా, ఎక్కడ అమ్మాలి?" అనడిగాడు. అందులో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఓ గుప్పెడు, రబ్బరు బ్యాండు కట్టిన క్రికెట్ ట్రంప్ కట్ట ఒకటి, ఐపీఎల్ ఆటగాళ్ళ బొమ్మలుండే క్రికెట్ అట్టాక్స్ కార్డులు ముప్పై నలభై, వాళ్ళ మావయ్య అమెరికా నుంచి తెచ్చిన పోకెమాన్ కార్డులు పదకొండు, పోకెమాన్ లాంటిదే ఇంకో జపాన్ ఆట యుగియో కార్డులు రెండు ఉన్నాయి. నేను విజయనగరం నుంచి రెండు ఆదివారాలు వెళ్ళి వాడితో కూర్చుని అన్నీ చూశాను. చిన్నప్పట్నుంచి ఈ కార్డుల పిచ్చి నాకుంది, మధ్యలో కొన్ని అమ్మాను, కొన్ని కొన్నాను, ఒకసారి మోసపోయాను కూడా.

తమ్ముడే కాదు, నన్ను అడిగినవాళ్ళందరూ ఎక్కడ అమ్మాలి అనే మొదలెడతారు. అది ఆఖర్న వచ్చే ప్రశ్న. చేతిలో ఉన్నది ఏ కార్డు, ఎప్పటిది, ఏ స్థితిలో ఉంది అనేది తేలితే ఎలా అమ్మాలో సగం తేలిపోయినట్టే, అది తేలకుండా ఏ దారి పట్టినా నష్టమే. అందుకే ముందు చూడాల్సినవి చెప్తాను, తర్వాత నాలుగు దారులూ పక్కపక్కన పెడతాను. (గ్రేడింగ్ అంటే కార్డుని ఒక కంపెనీకి పంపి దాని కండిషన్‌కి పదిలో ఒక నంబరు వేయించుకోవడం.)

మొదటిది: ఇది అసలు ఏ కార్డు?

పోకెమాన్‌తో మొదలెడతాను ఎందుకంటే డబ్బు ఎక్కువగా అక్కడే ఉంది, పొరపాట్లూ అక్కడే ఎక్కువ. కార్డు అడుగున 1995 అని చూసి "ముప్పయ్యేళ్ళ కార్డు" అని అమ్మేవాళ్ళు బోలెడుమంది. అది హక్కుల (కాపీరైటు) సంవత్సరం, అచ్చయిన సంవత్సరం కాదు. ఈ కార్డులు జపాన్‌లో మొదలైందే 1996 అక్టోబరులో, ఇంగ్లీషులో మొదటి సెట్టు, అంటే బేస్ సెట్, అమెరికాలో వచ్చింది 1999 జనవరిలో. యుగియో కార్డుల మీద కూడా 1996 అనే ఉంటుంది, ఇంగ్లీషువి వచ్చింది 2002లో.

కాబట్టి సంవత్సరం వదిలేసి నంబరు చూడండి. పాతవాటికి కింద కుడి మూల ఉంటుంది, కొత్తవాటికి ఎడమ మూల. 4/102 అంటే 102 కార్డుల సెట్టులో నాలుగోది అని, అదే చారిజార్డ్ అనే పోకెమాన్‌ది, ఆ పేరుమోసిన కార్డు. అదే బొమ్మతో 4/130 ఉంటే అది బేస్ సెట్ 2, 11/108 ఉంటే 2016లో పాత బొమ్మలతో మళ్ళీ వేసిన ఎవల్యూషన్స్ సెట్టు. 2021లో ఇరవై అయిదేళ్ళ పండక్కి 4/102 అనే నంబరుతోనే మళ్ళీ ఒకటి వేశారు, దానికి బొమ్మ దగ్గర 25 అని గుర్తు ఉంటుంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ధరల్లో మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా. నంబరు పక్కనుండే గుర్తులు కూడా చూస్కోండి, గుండ్రం చుక్క అయితే కామన్, డైమండ్ అయితే అన్‌కామన్, నక్షత్రం అయితే రేర్. 205/198 లాగ పై నంబరు కింది నంబరు కంటే పెద్దగా ఉంటే దాన్ని సీక్రెట్ రేర్ అంటారు.

బేస్ సెట్‌లో కూడా ముఖ్యంగా మూడు రకాలున్నాయి. బొమ్మ కింద ఎడమ పక్క నల్లటి ఒకటో ఎడిషన్ ముద్ర ఉంటే అది మొదటి అచ్చు, అన్నిటికంటే ఖరీదైంది. ముద్ర లేకుండా, బొమ్మ చట్రం కుడి పక్కన నీడ గీత కూడా లేకపోతే షాడోలెస్. నీడ ఉంటే అన్‌లిమిటెడ్, మన ఇళ్ళల్లో ఎప్పుడైనా దొరికేది దాదాపు ఇదే. మా తమ్ముడి పదకొండింట్లో ఒక బ్లాస్టాయిజ్ 2/102 ఉంది, నీడ ఉంది, అంటే అన్‌లిమిటెడ్.

ఇంక క్రికెట్ ట్రంప్ కార్డులు. వీటి మీద సంవత్సరం వెయ్యరు, కొన్నింటి మీద కంపెనీ పేరు కూడా ఉండదు, అయినా వయసు కనుక్కోవచ్చు. ఎలాగంటే లెక్కల్ని బట్టి. సచిన్ వన్డే అత్యధిక స్కోరు 186 అని ఉందనుకోండి, ఆ 186 హైదరాబాద్‌లో న్యూజిలాండ్ మీద 1999 నవంబరులో కొట్టాడు, 2010 ఫిబ్రవరిలో గ్వాలియర్‌లో 200 కొట్టాడు, కాబట్టి ఆ కార్డు 1999 నవంబరుకి ముందు అచ్చయ్యే ఛాన్సే లేదు, చాలావరకు 2010కి ముందుదే అయ్యుండాలి. చాలావరకు అని ఎందుకంటున్నానంటే కొందరు అచ్చువేసేవాళ్ళు పాత లెక్కలే ఏళ్ళ తరబడి దింపేవారు. లారా టెస్టు స్కోరు 375 ఉంటే 2004 ఏప్రిల్‌కి ముందటి లెక్క, 400 ఉంటే తర్వాతది. కుంబ్లేకి 10/74 ఉంటే 1999 ఫిబ్రవరి తర్వాతది.

ఈ కట్ట తిరగేస్తుంటే ధోనీ కార్డు వచ్చింది, జులపాల జుట్టుతో, అత్యధిక స్కోరు 148 అని. ఆ 148 మన వైజాగ్ పీఎం పాలెం స్టేడియంలో 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద కొట్టింది. అదే ఏడాది అక్టోబర్ 31న జైపూర్‌లో శ్రీలంక మీద 183 కొట్టేశాడు. అంటే ఆ లెక్క సరిగ్గా ఏడు నెలలు కూడా బతకలేదు! అంత కచ్చితంగా కాలం పట్టిచ్చే కార్డు ఆ డబ్బాలో ఇంకోటి లేదు.

డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులకీ ఇదే పద్ధతి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది 2002 మేలో. జాన్ సీనా ఉంటే ఆ ఏడాది జూన్ తర్వాతది, గ్రేట్ ఖలీ ఉంటే 2006 తర్వాతది. కట్ట మొత్తం పరిచి అందరికంటే ఆలస్యంగా వచ్చిన రెజ్లర్ ఎవరో చూస్తే కట్ట వయసు దొరికేసినట్టే. ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్ అని మనం ఆడిన ఈ కార్డుల్లో చాలా మటుకు లైసెన్సు లేకుండా ఎక్కడికక్కడ అచ్చేసినవే, అందుకే ఒకే అండర్‌టేకర్ ఒక కట్టలో ఒక ఎత్తు, ఇంకో కట్టలో ఇంకో ఎత్తు. (వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి పేరు మీద ఒక్క కార్డు కూడా నేనింతవరకు చూడలేదు, అది మాత్రం బాధగా ఉంటుంది.)

క్రికెట్ అట్టాక్స్ టాప్స్ అనే కంపెనీవి, లైసెన్సు ఉన్నవి. ఐపీఎల్ టీమూ జెర్సీ చూస్తే సీజన్ తెలిసిపోతుంది, మెరుపు కార్డులూ లిమిటెడ్ ఎడిషన్లూ పక్కకి తీస్తే సరి.

రెండోది: అసలుదా, నకిలీదా?

సిరిమాను జాతరలో, అరసవల్లి రథసప్తమి తిరనాళ్ళలో బంగారు రంగు పోకెమాన్ ప్యాకెట్లు అమ్ముతారు చూడండి, అవన్నీ నకిలీవే. ఒక్కటి కూడా వదలకుండా చెప్తున్నాను. గుంటలు ఆడుకోడానికి కొనండి, తప్పులేదు, దాచితే రేటు పెరుగుతుందని మాత్రం కొనకండి.

మిగతావి పట్టుకోడానికి ఇంట్లోనే చెయ్యగలిగేవి ఉన్నాయి. స్కేలు పెట్టి కొలవండి, పోకెమాన్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు, యుగియో కొంచెం చిన్నది, 59కి 86. పోకెమాన్ అనే ఇంగ్లీషు మాటలో నాలుగో అక్షరం (é) మీద చిన్న ఏటవాలు గీత ఉండాలి, నకిలీల్లో చాలాసార్లు ఉండదు. వెనకవైపు నీలం రంగు తెలిసిన అసలు కార్డు పక్కన పెట్టి చూడండి, నకిలీది వెలిసినట్టో ఊదా తిరిగినట్టో కనిపిస్తుంది. ఫోను టార్చి వెనక పెడితే అసలు కార్డు మధ్యలో ఉండే నల్లటి పొర వెలుతుర్ని ఆపుతుంది, నకిలీది పల్చటి అట్టలాగ వెలిగిపోతుంది. ఇవన్నీ తెలిసిన అసలు కార్డుతో పోల్చి చెయ్యాలి, ఒంటరిగా చూస్తే కళ్ళు మోసం చేస్తాయి.

భూతద్దం ఉంటే ఇంకా మంచిది. మా వీధిలో బంగారం పని చేసే మావయ్య దగ్గర పదింతలు చూపించే అద్దం ఉంది. "ఏటిరా ఇది, దీన్లో బంగారం ఏటుంది?" అంటూనే లైటు వేసి చూపించాడు. బొమ్మంతా రంగు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా అమరి ఉన్నాయి, నల్లటి అక్షరాలు మాత్రం చుక్కల్లేకుండా నిండుగా ఉన్నాయి. ఇంకో కార్డు పెడితే దాని అక్షరాలు కూడా చుక్కలే, అంటే ఎవరో స్కాన్ చేసి ప్రింటు తీశారన్నమాట. పదకొండింట్లో నాలుగు అలా బయటపడ్డాయి. తమ్ముడి మొహం చిన్నబోయింది, పాపం వాళ్ళ మావయ్యకి మాత్రం ఏం తెలుసు.

మూడోది: కండిషన్

పొద్దున్న కిటికీ పక్కన కూర్చుని కార్డుని అటూ ఇటూ వాల్చుతూ చూడాలి, ట్యూబులైటు కింద గీతలు కనపడవు. చూడాల్సినవి నాలుగు: బొమ్మ మధ్యలో ఉందా, మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు తెల్లగా లేచాయా, పైన గీతలు మడతలు ఉన్నాయా. మధ్యలో ఉండడం అంటే ఎడమ అంచు 3 మిల్లీమీటర్లు, కుడి అంచు 2 ఉంటే అది 60/40. పదికి పది రావాలంటే 55/45 దగ్గరికి ఉండాలి. చిన్న మడత పడినా ఇంక పై గ్రేడుల ఆశ వదులుకోవాలి.

మన దగ్గర ఇంకో శత్రువు ఉంది, చెమ్మ. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పిన్ని వాళ్ళింట్లో అటక మీదకి నీళ్ళు కారాయి. డబ్బా మూత గట్టిదే గానీ లోపల కార్డులు చెమ్మకి విల్లులాగ వంగాయి, అడుగునున్న డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులు ఆరు ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకలాగ అయ్యాయి, విడదీస్తే కేన్ మొహం బిగ్‌షో వీపుకి వచ్చేసింది. అలా అతుక్కున్నవి దొరికితే లాగకండి. తడిగుడ్డతో తుడవడం, రబ్బరుతో రుద్దడం, ఇస్త్రీ పెట్టడం ఇవేవీ చెయ్యొద్దు, అంచులు కత్తిరించి నీటుగా చెయ్యడమైతే అసలొద్దు. కత్తిరించినట్టు తెలిస్తే గ్రేడింగ్ కంపెనీ నంబరు ఇవ్వకుండా వెనక్కి పంపేస్తుంది.

నాలుగోది: కొనేవాడున్నాడా?

అరుదైనది కాబట్టి ఖరీదైనది అనుకుంటాం. టాప్స్ 1952లో వేసిన మికీ మాంటిల్ అనే ఆటగాడి బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడైంది. అది అరుదవడానికి ఒక కారణం ఏంటంటే ఆ ఏడాది అమ్ముడుపోకుండా మిగిలిన కార్డుల పెట్టెల్ని 1960లో పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో పారబోశామని టాప్స్‌లో పనిచేసిన సై బర్గర్ చెప్పేవాడు. మన ట్రంప్ కార్డులు కూడా అరుదే మరి, తుఫాన్లకి కొన్ని, పాత పేపర్లవాడికి కొన్ని పోయాయి. కానీ అక్కడ మాంటిల్ కావాలనేవాళ్ళు వేలమంది, ఇక్కడ 2005 నాటి లైసెన్సు లేని కట్ట కావాలనేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ధర చూసేటప్పుడు ఎంతకి పెట్టారో చూడకండి, ఎంతకి అమ్ముడైందో చూడండి. ఈబే సైటులో సోల్డ్ ఐటమ్స్ అని ఫిల్టర్ ఉంటుంది. పోకెమాన్‌కి ప్రైస్‌చార్టింగ్, టీసీజీప్లేయర్ అనే సైట్లు ఉన్నాయి, యూరప్ ధరలకి కార్డ్‌మార్కెట్ ఉంది. ఒక్క అమ్మకం చూసి నమ్మేయకండి, ఈమధ్యవి అయిదారు తీసి అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ వదిలేసి మధ్యవి చూస్కోండి, అదీ మీ కార్డు కండిషన్‌లో ఉన్నవే. మన దేశంలో కొనేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ డాలర్ ధర పూర్తిగా ఇక్కడ రాదు.

ఇప్పుడు నాలుగు దారులు

| | గుత్తగా | ఒక్కోటీ | గ్రేడింగ్ | ఉంచుకోవడం |
|---|---|---|---|---|
| చేతికొచ్చే డబ్బు | తక్కువ | మధ్యస్తం నుంచి ఎక్కువ | చాలా ఎక్కువ, లేదా నష్టం | ఇప్పటికి ఏమీ లేదు |
| పట్టే టైము | ఒకరోజు | వారాలు, నెలలు | నెలలు | ఏళ్ళు |
| ముందు పెట్టే ఖర్చు | లేదు | కవర్లు, పోస్టు | వేలల్లో | కవర్లు |
| ఎక్కువ భయం | మంచి కార్డు చవగ్గా పోవడం | మోసం | అనుకున్న గ్రేడు రాకపోవడం | చెమ్మ, చెదలు |
| దేనికి బాగుంటుంది | కామన్ కార్డులు, అట్టాక్స్ మామూలువి | అసలు అని తేలిన మెరుపు కార్డులు, నిండు ట్రంప్ సెట్లు | పాతది, ఖరీదైంది, మచ్చలేనిది | అమ్మితే వంద రాక, మనసుకి వెయ్యి అనిపించేవి |

గుత్తగా అమ్మడం గురించి చెప్పాల్సింది ఒక్కటే: మంచివి ఏరేశాకే అమ్మండి. కొనేవాడు డబ్బా అంతా చూసి "అన్నీ కలిపి 1,000 ఇస్తా, ఇప్పుడే" అని తొందరపెడుతున్నాడంటే అందులో వాడి కంటికి ఏదో ఒకటి ఆనిందన్నమాట. ఆ పూటకి అమ్మకుండా మూత పెట్టేయండి. ఏరేశాక మిగిలిన కామన్ కార్డులకి మాత్రం ఇదే మంచి దారి, ఒక్కోటీ అమ్మితే పోస్టు ఖర్చులే రావు.

ఒక్కోటీ అమ్మడంలో కష్టం ఎక్కువ, నాకు ఇష్టమైన దారి కూడా ఇదే. ముందు వెనక ఫొటోలు, నాలుగు మూలలూ దగ్గరగా, గీత ఎక్కడుందో అది కూడా చూపించాలి. లోపం దాచి అమ్మితే కార్డు తిరిగొస్తుంది, పేరు కూడా పోతుంది. ట్రంప్ కార్డులైతే విడివిడిగా వద్దు, సెట్టు నిండుగా ఉంటే, పైన అట్టపెట్టె కూడా ఉంటే అదే విలువ. నేను అట్టపెట్టెతో ఉన్న ఒక నిండు సెట్టు 600కి అమ్మాను, పెట్టె లేని దాన్ని 150కి కూడా ఎవరూ అడగలేదు.

మోసం సంగతి. నేను మోసపోయింది ఇక్కడే. పరిచయం లేని ఒకాయన డబ్బులు వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపాడు, నేను ఆ హుషారులో కార్డు పోస్టు చేసేశాను, సాయంత్రం బ్యాంకు చూసుకుంటే ఏమీ లేదు. 1,800 పోయింది. అప్పట్నుంచి బ్యాంకు ఖాతాలో కనిపించాకే కవరు అంటిస్తాను. ఇంకోటి, డబ్బు మనకి రావడానికి మనం యూపీఐ పిన్ను కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడంటే మన ఖాతా ఖాళీ చెయ్యడానికే. ప్యాక్ చేసేటప్పుడు కార్డుని మెత్తటి కవర్లో, దాన్ని టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో, దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి అంతా వీడియో తీయండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఇప్పుడు పోస్టాఫీసులో స్పీడ్ పోస్టే అడగాలి, ట్రాకింగ్ నంబరు వస్తుంది.

గ్రేడింగ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే యూట్యూబ్ చూసి కుర్రాళ్ళు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. అమెరికాలో పీఎస్‌ఏ, బెకెట్, సీజీసీ, ఎస్‌జీసీ అని కంపెనీలున్నాయి. కార్డు పంపితే అసలుదో కాదో చూసి, కండిషన్‌కి పదిలో ఒక నంబరు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతాయి. పీఎస్‌ఏ 1991లో మొదలైంది, పోకెమాన్ కొనేవాళ్ళు ఎక్కువగా దాన్నే అడుగుతారు. బెకెట్‌లో మధ్య, మూలలు, అంచులు, పైభాగం నాలుగింటికీ విడిగా నంబర్లు ఇవ్వడం ఉంది, ఎక్కడ మార్కులు పోయాయో తెలుస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళకి అది నచ్చుతుంది.

ఖర్చు అంటే ఫీజు ఒక్కటే అనుకుంటారు. కార్డుకి ఫీజుతో పాటు పోను రాను కొరియర్, ఇన్సూరెన్సు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ పడొచ్చు, మధ్యవర్తి ద్వారా పంపితే వాడి కమీషను. అన్నీ కలిపి కార్డుకి 5,000 అనుకుందాం. మీ కార్డు ఇప్పుడున్నట్టే అమ్మితే 2,000 వస్తుంది అనుకుందాం. పది వస్తే 15,000, తొమ్మిది వస్తే 6,000, ఎనిమిది వస్తే 3,500 పలుకుతుంది అనుకోండి. కార్డు విలువా ఖర్చూ కలిపి మీరు పెట్టింది 7,000. పది వస్తేనే లాభం, తొమ్మిది వచ్చినా 1,000 నష్టం. కాబట్టి పంపేముందు అడగాల్సింది పది వస్తే ఎంత అని కాదు, తొమ్మిది వస్తే నా ఖర్చు తిరిగొస్తుందా అని. కిటికీ దగ్గర మీకే ఒక గీత కనిపించిందంటే వాళ్ళకి మూడు కనిపిస్తాయి.

పీఎస్‌ఏ పాపులేషన్ రిపోర్టు కూడా చూడండి, ఏ కార్డు ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో అందులో ఉంటుంది. పదికి పది వచ్చినవే వేలల్లో ఉన్న కొత్త కార్డుకి మనం ఇంకోటి చేర్చి ఏటి లాభం? ట్రంప్ కార్డుల్లాంటివి పంపాలనుకుంటే ఆ సెట్టుని తీసుకుంటారో లేదో ముందే అడగండి. అలాగే గ్రేడయిన కార్డు కొంటుంటే ఆ పెట్టె మీది సర్టిఫికెట్ నంబరు కంపెనీ సైటులో కొట్టి చూడండి, ప్లాస్టిక్ పెట్టెలకి కూడా నకిలీలు వచ్చేశాయి.

ఉంచుకోవడం అంటే అటక ఎక్కించేయడం అనుకోకండి. రబ్బరు బ్యాండ్లు తీసేయండి, అవి అంచుల్ని కోస్తాయి, వేసవిలో కరిగి అతుక్కుంటాయి. పాత ఫొటో ఆల్బమ్‌ల పీవీసీ కవర్లు వద్దు, కార్డుల కోసం అమ్మే కవర్లే వాడండి. బీరువాలో మధ్య అరలో, గోడకి తగలకుండా, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వానాకాలం అయ్యాక అవి మార్చండి. చెదల కోసమని కలరా ఉండలు వేస్తుంటారు, ప్లాస్టిక్ పక్కన అవి మంచివి కావు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

చిన్నప్పటి డబ్బా దొరికినవాళ్ళు తొందరపడకండి. ఒక ఆదివారం కార్డులు వేరుచెయ్యడానికి, ఒకటి ధరలు చూడ్డానికి పెట్టుకోండి. పదిలో తొమ్మిది డబ్బాలకి సరిపడేది మెరుపువి ఒక్కోటీ, మిగతావి గుత్తగా, మనసుకి నచ్చినవి బీరువాలో. గ్రేడింగ్ ఊసు ఒకటో ఎడిషన్ ముద్రో, అలాంటి పెద్ద కార్డో కనిపిస్తేనే.

పిల్లలకి కొనిచ్చే తల్లిదండ్రులకి: ఆడుకోడానికి అయితే ఆడుకోనివ్వండి, మూలలు నలిగాయని కసరొద్దు. ప్యాకెట్లో మంచి కార్డు వచ్చిందంటే ఒక కవరు తొడిగితే చాలు. ఒక ప్రత్యేకమైన కార్డే కావాలని పిల్లాడు మారాం చేస్తే ప్యాకెట్ల మీద ప్యాకెట్లు కొనడం కంటే ఆ ఒక్క కార్డే విడిగా కొనడం చవక.

డబ్బు పెట్టి పెంచుకుందామని దిగే కుర్రాళ్ళకి: మొదటి ఏడాది కొనడం తక్కువ, చూడ్డం ఎక్కువ ఉండాలి. అమ్మకం ధరలు ఓ యాభై కార్డులకి రాసి పెట్టుకోండి, మూడు నెలలకోసారి మళ్ళీ చూడండి. అప్పు చేసి, విప్పని కార్డు ప్యాకెట్లుండే సీలు పెట్టెలు కొనేవాళ్ళని చూశాను, అమ్మాల్సిన రోజు వచ్చేసరికి శ్రీకాకుళంలో కాదు కదా వైజాగ్‌లో కూడా ఆ ధరకి కొనేవాడు దొరకడు.

ఇంక మా తమ్ముడి డబ్బా. బ్లాస్టాయిజ్‌కి పైన గీతలున్నాయి, చెమ్మకి కొంచెం వంగింది, గ్రేడింగ్‌కి పనికిరాదు, ఉన్నది ఉన్నట్టు ఫొటోలు పెడితే బెంగళూరు అబ్బాయి 3,200కి తీసుకున్నాడు. మిగతా ఆరు అసలు పోకెమాన్లు కామన్లే. అవి, రెండు యుగియో, మామూలు అట్టాక్స్ కలిపి 700కి పోయాయి. డబ్ల్యూడబ్ల్యూఈవి సెట్టు నిండలేదు, పక్కింటి గుంటడికి ఇచ్చేశాడు, వాడు ఆ సాయంత్రమే హైటు ఎంత వెయిటు ఎంత అని అరుగు మీద ఆట మొదలెట్టాడు.

క్రికెట్ కట్ట కూడా అమ్మేద్దామనే అనుకున్నాడు. నేను 148 లెక్క చెప్తుంటే పక్కన పేపరు చదువుకుంటున్న బాబాయి కళ్ళజోడు తీసి "ఏదీ, ఇలా తే" అన్నాడు. ఆ రోజు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పొద్దున్నే రైలెక్కి ఆ మ్యాచ్‌కి వెళ్ళాడంట, మాకెవరికీ తెలీదు. కార్డు చేతిలో పట్టుకుని ఆ ఎండా, ఆ జనం, ధోనీ బంతి కొడితే ఎక్కడ పడేదో అన్నీ చెప్పుకుంటూ పోయాడు. ఇప్పుడా కార్డు టాప్‌లోడర్‌లో పెట్టి టీవీ పక్కన నిలబెట్టి ఉంది. పిన్ని దుమ్ము తుడిచేటప్పుడు దాని మీద తడిగుడ్డ పెట్టకుండా బాబాయే తుడుస్తున్నాడంట.